వెనక దూరని పిక్హా అక్క

"వంతెన మీద గాలి నన్ను సైకిల్‌తో సహా రెయిలింగ్‌కేసి కొడితే మా బాబు సంగతేమిటి? వాడికింకా రెండేళ్లు నిండలేదు."

పోటీకి ముందురోజు నేను పైకే అనేశాను. పక్కన కూర్చుని ఎండుచేపల్లో నలిగినవి ఏరుతున్న పిక్హా అక్క తల కూడా ఎత్తలేదు.

"కొడితే లేచి తొక్కు. వాళ్ల నాన్న లేడూ?"

ఉన్నాడు. కానీ నేను ఫిజిక్స్ చదువుకున్నదాన్ని, మా దీవుల్లో పెద్ద పట్నమైన మగోంగ్‌లో నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని. ఈశాన్యపు గాలి సైకిల్‌ను పక్కనుంచి ఎంత బలంగా తోస్తుందో కాగితం మీద లెక్కవేసి చూసుకున్నాను. చూసుకోకుండా ఉండాల్సింది. రిమ్ము ఎంత వెడల్పుగా ఉంటే పక్కగాలికి అంత పట్టు దొరుకుతుంది. నా సైకిల్‌కున్నవి మా క్లబ్బులో అందరూ కలిసి కొన్న వెడల్పాటి కార్బన్ చక్రాలు. అక్క ఒక్కతే కొనలేదు.

యాన్ పిక్హాది ఛికాన్ అనే ఊరు. యాభై దాటింది. చిన్న వెండిచేపలను ఉడకబెట్టి ఎండబెట్టే షెడ్డులో పని. ఆమె చిన్నతనంలో ఆడపిల్ల పడవెక్కితే వల ఖాళీగా వస్తుందనేవారు. అందుకని సముద్రం పక్కనే పుట్టి కూడా నలభై దాటేదాకా ఈత రాలేదు. ఆ వయసులో ఎందుకు నేర్చుకున్నావని అడిగితే, "ఇన్నేళ్లు వాటిని ఉడకబెట్టాను. అవి ఉండే చోటు ఒకసారి చూడొద్దూ?" అంది. ఈత వచ్చాక సైకిల్ ఎలాగూ ఉంది, పరుగు ఎంతసేపు అనుకుని, మూడూ వరుసగా చేసే ట్రయాథ్లాన్‌లోకి దిగింది.

పోయినేడు ఆమె పోటీ మధ్యలోనే ఆగిపోయింది. సైకిల్ దూరం గడువులోగా ముగించకపోతే పరుగుకు వదలరు. ఆమె వచ్చేసరికి తాడు కట్టేశారు. ఆ సాయంత్రం క్లబ్బు భోజనాల దగ్గర మా కోచ్, లూ అనే ఆయన, అందరి ముందూ అందుకున్నాడు. చక్రాలు అమ్మే షాపు ఆయనదే.

"లోపం కాళ్లలో లేదక్కా, చక్రాల్లో ఉంది. నువ్వూ కొంటే అందరికీ ఇంకాస్త తగ్గింపు వస్తుంది. మన క్లబ్బు చొక్కా వేసుకుని తాడు దగ్గర ఆగిపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

నవ్వులు. అక్క చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"వచ్చే ఏడు ఇవే చక్రాలతో పూర్తి చేస్తాను. చేయలేకపోతే ఈ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి నీ చేతికిస్తా."

"ఇస్త్రీ అక్కర్లేదులే అక్కా."

"చేస్తాను. నువ్వు మడత పెట్టుకోవడానికి వీలుగా."

ఆ చలికాలమంతా క్లబ్బువాళ్లు ఒకరి చక్రానికి ఒకరు ఆనుకుని రైలుపెట్టెల్లా తొక్కారు. ముందువాడు గాలిని కోస్తే వెనకున్నవాళ్లకు సగం కష్టం తప్పుతుంది. పోటీలో అది నిషేధం. పది మీటర్ల ఎడం ఉండాలి. ఎవరైనా దాటిపోతే, దాటించుకున్నవాళ్లే వెనక్కి తగ్గి ఆ ఎడం మళ్లీ ఇవ్వాలి. అక్క సాధన కూడా ఆ నియమం ప్రకారమే చేసింది, షెడ్డుకు పోతూ వస్తూ, ఒక్కతే.

పోటీరోజు ఈత గండం గడిచింది. దీవులను కలిపే పెద్ద వంతెన ఎక్కేసరికి అక్క వీపు నా ముందు కనబడింది. గాలి పక్కనుంచి తోసింది. నా ముందు చక్రం దానిష్టం వచ్చినట్టు తిరగబోయింది. నేను గబగబా అక్క వెనక చేరబోయాను.

"ఎవరది? వెనక్కి జరుగు."

"నేనే అక్కా. పడిపోయేలా ఉన్నాను."

"పది మీటర్లు వెనక పడు."

జరిగాను. ఇంతలో మా క్లబ్బు రైలు వచ్చింది. ముందు కోచ్, వెనక ఒకరి చక్రానికి ఒకరు. మధ్యలో వేలు పట్టేంత సందు కూడా లేదు. అక్క నడుము నిటారుగా చేసి కూర్చుని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించింది.

"నమస్కారం కోచ్. డెంటిస్టుగారూ, ఆయన చక్రానికి పన్నేమైనా పుచ్చిందా, అంత దగ్గరగా చూస్తున్నారు?"

"అక్కా, వెనకే వచ్చెయ్. గాలి తగలదు," కోచ్ అరిచాడు.

"గాలికి నేను డబ్బులు కట్టలేదు లూ. ఎంత కావాలంటే అంత తీసుకుంటాను."

దాటినవాళ్లందరికీ ఎడం ఇస్తూ ఆమె వెనక్కి తగ్గుతూనే ఉంది. నా కళ్లముందే ఆమె గడువు కరిగిపోయింది. వెనక మోటార్‌సైకిల్ చప్పుడు వినబడగానే రైలు ముందునుంచి విడిపోయి, ఎవరి దూరంలో వాళ్లు బుద్ధిమంతుల్లా సర్దుకున్నారు. చివరివాడు అక్కను దాటి అప్పటికి క్షణమే అయింది. అతని వెనక ఇంకా ఎడం పడకుండా దొరికింది అక్క ఒక్కతే. బండి మీద తిరుగుతూ నియమాలు కనిపెట్టే మార్షల్ కుర్రాడు ఆమెకు నీలం కార్డు చూపించాడు. ఐదు నిమిషాల శిక్ష. మోటార్‌సైకిల్ కనుమరుగవగానే రైలు మళ్లీ అతుక్కుంది.

శిక్ష గుడారం సైకిల్ గడువు గీతకు కాస్త ముందే ఉంది. ఆ కుర్రాడే అక్కడ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నేను కూడా ఆగి అతనితో వాదనకు దిగాను. తప్పు ఆమెది కాదు, ఆమె వెనక్కి తగ్గుతూ ఉంది, నేను చూశాను అన్నాను.

"నేను చూసింది నేను రాశానండీ."

"నువ్వు చూసింది నిజమే బాబూ," అంది అక్క. "చూడనిది చాలా ఉంది. ముందు ఆ గడియారం నొక్కు." నావైపు తిరిగింది. "నువ్వెందుకాగావు? నీకేమైనా కార్డిచ్చారా? పో."

పోయి పరుగు బూట్లు వేసుకుంటూ గీతవైపే చూస్తున్నాను. అధికారి తాడు చేత్తో పట్టుకుని తన వాచీ చూసుకుంటున్నాడు. లేసు ముడి రెండుసార్లు తప్పాను. గుడారం వైపునుంచి ఆ పాత సైకిల్ వచ్చింది. అక్క పెదాలకు నల్లబెల్లం కేకు ముక్క అంటుకుని ఉంది. నిలబెట్టిన ఐదు నిమిషాల్లో తినేసిందన్నమాట. గీతకు ముందు దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటింది. ఆ తర్వాతే తాడు కట్టారు.

"కట్టు కట్టు," అంది అధికారితో. "పోయినేడు నీ ముడి చూశాను. వదులుగా ఉంది."

పరుగులో ఆమె చివర వచ్చింది. అప్పటికి బహుమతులు ఇచ్చేశారు, కుర్చీలు ఎత్తేస్తున్నారు. గడువు మాత్రం ఇంకా ఉంది.

రైలుకు ఏ శిక్షా పడలేదు. కోచ్‌కు తన వయసువాళ్లలో మూడో స్థానం వచ్చింది. భోజనాల దగ్గర ఆ కప్పు పక్కన పెట్టుకుని గ్లాసు ఎత్తాడు.

"పిక్హా అక్క మాట నిలబెట్టుకుంది. మంచి చక్రాలుంటే ఆ శిక్ష పడ్డా ఇంత కంగారు ఉండేది కాదు కదా. ఈసారి తగ్గింపులో..."

"ఆ ఐదు నిమిషాలు నీవి లూ," అంది అక్క, రొయ్య ఒలుస్తూ. "నీ బదులు నేను నిలబడ్డాను."

డెంటిస్టుగారు దేనికో దగ్గారు. అక్క రొయ్య తినేసి చొక్కాకే చేతులు తుడుచుకుంది. ఆ చొక్కా ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. పోటీ ఉన్నా లేకపోయినా వేసుకుంటుంది, షెడ్డుకు కూడా.

తర్వాతి వారం నా చక్రాలు అమ్మేయనా అని ఆమెను అడిగాను. వంతెన అంటే నాకు భయం పోలేదు, ఇప్పటికీ పోలేదు. అయినా ఆదివారాలు పొద్దున్నే ఒక్కదాన్నే దాటుతున్నాను, ఆమె ఆవేళ చెప్పినట్టే.

"అమ్మితే అమ్ము, ఉంచితే ఉంచు, అది నీ ఇష్టం. గాలి ఎదురొచ్చినప్పుడు మాత్రం ఎవరి వీపు దొరుకుతుందా అని వెతక్కు. గేరు తగ్గించుకో. మెల్లగా అయినా సరే, నీ గాలి నువ్వే కోసుకుంటూ తొక్కు."