గెజిటెడ్ ముద్రతో వెళ్లిన లైబ్రరీ

సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాషతో పాటు అందరికీ అందే లైబ్రరీల్లో, అంటే ఎవరైనా తెచ్చి వాడుకునే రెడీమేడ్ ప్రోగ్రాముల్లో, కొత్తది చేరాలంటే, ఎవరైనా ప్రతిపాదన రాసి కమిటీకి పంపొచ్చు. ఎవరైనా అన్నారు కదా అని పోయిన నెల నేనూ పంపాను. తేదీలో రోజూ నెలా తారుమారు కాకుండా చదివే చిన్న లైబ్రరీ నాది. మన అలవాటు ఊరుకుంటుందా? "గౌరవనీయులైన కమిటీ వారికి" అని మొదలుపెట్టి, గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించి, గుండ్రటి ముద్రతో సహా స్కాన్ చేసి మెయిల్ చేశాను.

ఇవాళ మధ్యాహ్నం గవర్నర్‌పేట నెట్ సెంటర్లో జవాబు చూశాను. ముద్ర అక్కర్లేదట. దీన్ని మీరు కాక ఇంకెవరు వాడుతున్నారు, ఇది లేకపోతే వాళ్లకొచ్చే ఇబ్బందేమిటి, అది రాసి మళ్లీ పంపమన్నారు.

మా కాలేజీలో నాతో పాటు పాఠాలు చెప్పే రజియా గారికి మొహం వేలాడేసుకుని చెప్పాను.

"మా అన్నయ్య లారీ ఆఫీసులో రోజూ వాడుతున్నారు కదండీ! అది రాయలేదా?" అన్నారావిడ.

"అంత పెద్ద కమిటీకి లారీల గోల ఎందుకని రాయలేదండీ."

"మరి గెజిటెడ్ ముద్ర మాత్రం ఎందుకు కావాలనుకున్నారు?"

అయినా సంతోషంగానే ఉంది. ముద్ర పక్కన పెట్టి, దీనివల్ల ఎవరికి ఉపయోగమని అడిగిన ఆఫీసును నేను చూడటం ఇదే మొదటిసారి. మీరెవరైనా చూసుంటే చెప్పండి.

సాయంత్రం కూర్చుని మొదటి వాక్యం మార్చాను: "ఈ లైబ్రరీ లేని రోజుల్లో మా ఆటోనగర్‌లో ఒక లారీ ఆఫీసు, మార్చి నాలుగున (4/3) వెళ్లాల్సిన మినుముల లోడును కంప్యూటర్ మాట విని ఏప్రిల్ మూడున పంపింది."