ఓడితే పెన్సిల్ గీత

మా చిన్నప్పటి అమీర్‌పేటలో ఖాళీ గోడ అంటూ ఉండేది కాదు... ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. అలాంటి కోర్సొకటి చేస్తూ మా పై వాటాలో ఉండేది యాస్మిన్ అక్క. మా ఎండాకాలం సెలవుల్లో తనకి పొద్దున క్లాసు, మధ్యాహ్నం మెట్ల మలుపులో చాప పరిచి మాతో ఆట.

బోర్డూ పావులూ లేని ఆట అది. క్లాసులో ఎవరో ఇచ్చిన జిరాక్సు కాగితాలు చూసి అక్క కథ నడిపేది... మేమందరం అందులో మనుషులం. బలం, తెలివి, ధైర్యం, మాట... ఒక్కోదానికీ మూడు లూడో పాచికలు వేసి, మొత్తం ఎంతొస్తే అంత రాసుకోవాలి. తర్వాత కథలో ఏ పని చేయాలన్నా మళ్లీ పాచికలే. మనం రాసుకున్న అంకె దాటి పడితే ఓడినట్టు.

పక్క వాటా కిరణ్ వీరుడికి బలం పదిహేడు. నా రాకుమారికి మాట... మూడు! మూడు పాచికలూ ఒకట్లే పడ్డాయి.

"అచ్చం నీలాగే ఉందే!" అని కిరణ్ పడీపడీ నవ్వాడు. నాకు అసలే నత్తి. ఏడుపొచ్చేసి, పుస్తకం మూసి లేచాను.

"జర ఆగు బేటా," అంది అక్క. "అంకెలు పెరగయని గీ కాగితంల ఉంది. మన ఇంట్ల గట్ల నడ్వదు. దేంట్ల ఓడితే దాని పక్కన ఒక పెన్సిల్ గీత. మూడు గీతలైతే ఒక అంకె పెరుగుతది. గెలిస్తే ఏం రాదు. గానీ మాటతోని చేసే పనైతే, పాచికలు ఏసే ముందు ఆ మాట నోటితోనే చెప్పాలె."

ఎంత గొప్ప రూలో చూడండి! కిరణ్ ఎడాపెడా గెలిచేవాడు, ఒక్క గీతా రాలేదు. కోట కాపలావాడితో, పడవవాడితో, ఆఖరికి రాక్షసుడితో కూడా మాట్లాడటానికి నేనే ముందుకెళ్లేదాన్ని. "త... త... తలుపు తియ్యండి." పాచికలు వేస్తే ఓటమే. ఒక గీత! అక్క ఒక్కసారి కూడా నా వాక్యం తను పూర్తి చేయలేదు. అంత ఓపిక మా అమ్మకి కూడా ఉండేది కాదు.

సెలవులయ్యేసరికి నా మాట ఐదుకి చేరింది.

ఒకరోజు అక్క పంజాగుట్టలో ఇంటర్వ్యూకి వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చింది. వచ్చీరాగానే తన క్లాసు నోటుబుక్కు తీసి, వెనక అట్ట లోపల ఒక గీత గీసింది. అక్కడ అప్పటికే ఎనిమిదున్నాయి.

"నీ... నీ... నీకు కూడా ఓడితే గీతేనా అక్కా?" అక్క ఎప్పట్లాగే చివరిదాకా ఆగింది.

"మరి! ముందుగాల నా కోసమే పెట్టుకున్న ఈ రూలు. తొమ్మిదైనయ్... అంటే మూడు పెరిగిన!" అని కళ్లు తుడుచుకుని నవ్వింది.

ఇంకో రెండు గీతల తర్వాత అక్కకి ఉద్యోగం వచ్చింది. అక్కావాళ్లు మాసబ్ ట్యాంక్ వైపు ఇల్లు మారిపోయారు.

నత్తి నాకు ఇప్పటికీ ఉంది. అయినా ఆఫీసు మీటింగుల్లో ముందు చెయ్యెత్తేది నేనే... తడబడిన రోజు డైరీ మూలన ఒక గీత.

మా అమ్మాయి ఫోన్లో ఆడే ఆటలో ఒక ప్రకటన చూస్తే చాలట, బలం పెరిగిపోతుంది. ఓడినందుకు గీత గీసి, మాట పూర్తయ్యేదాకా ఆగే అక్క మాత్రం అందులో లేదు. మీ చిన్నప్పుడు మీ కోసం అలా ఆగినవాళ్లెవరు? చెప్పండి... ఎంతసేపైనా ఆగుతాను.