నేపుల్స్‌లో మా తమ్ముడు తుడిచిన పళ్ళెం

మా తమ్ముడు ఎర్మెస్‌కి ఎవరైనా ఒక్కసారి ఏదైనా వద్దని చెబితే చాలు, ఇక జన్మలో ఆ పని చెయ్యడు. చెప్పినవాళ్ళు మర్చిపోతారు, వాడు మర్చిపోడు. తిన్నాక మూడు గంటలదాకా నీళ్ళలోకి దిగొద్దని చిన్నప్పుడెప్పుడో అమ్మ చెప్పింది. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాడు. అయినా రిమినీ బీచిలో గొడుగు కింద కూచుని, వాచీ చూసుకుంటూ, మోకాలి లోతు సముద్రం వైపు దిగులుగా చూస్తుంటాడు. మే నెల వెళ్ళేదాకా ఉన్ని బనీను విప్పడు. పన్నెండు దాటాక పాలు కలిపిన కాఫీ ముట్టడు. మా ఊరి కూడలిలో పిట్ట కూడా ఎగరని మధ్యాహ్నం పూట ఎర్రదీపం ముందు సైకిలు దిగి, చేతులు కట్టుకుని నిలబడతాడు.

వాడి పని సైకిళ్ళు బాగుచెయ్యడం. మోదెనా పక్కన మా ఊళ్ళో సైకిలు లేని ఇల్లు లేదు కాబట్టి వాడికి తీరిక లేదు. పనిమంతుడు, కానీ అబద్ధమాడడం బొత్తిగా చేతకాదు. "ఎర్మెస్, ఈ బండి ఇంకెంతకాలం వస్తుందంటావ్?" అని అడిగితే, ఒకసారి బండిని, ఒకసారి మనిషిని చూసి, "ఇంటిదాకా" అంటాడు. మొహమాటానికి కూడా ఇంకో నెల పొడిగించడు. వాడితో కలిసి పెరిగిన నాకు తెలుసు ఆ బాధ.

వాడి భార్య, మా మరదలు ఓర్నెల్లా ఇందుకు పూర్తిగా విరుద్ధం. నోరున్న మనిషి, చెయ్యి తిరిగిన మనిషి. ఆదివారం ఆమె పాస్తాలోకి మాంసం రగూ పొయ్యి మీద పెట్టిందంటే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. నేను వాళ్ళ కింద వాటాలోనే ఉంటాను. ఆ వాసనకి ఏదో ఒక వంకతో మెట్లెక్కని ఆదివారం నాకు గుర్తులేదు. మా చర్చి ఫాదరు గారు కూడా ఆ పూటే మా వీధి ముసలివాళ్ళని పరామర్శించడానికి వస్తారు. ముసలిదాన్ని నేనొక్కదాన్నే.

ఓర్నెల్లాకి పెళ్ళైనప్పటి నుంచి నేపుల్స్ చూడాలని కోరిక. ముప్ఫై ఏళ్ళు పోరి పోరి, చివరికి ఈ మార్చిలో నాలుగు రోజులకి వాణ్ణి ఒప్పించింది. ప్రయాణం రోజున ఆమె సంచిలో ఏదో బరువుగా కనిపిస్తే తీసి చూశాను. గుడ్డలో చుట్టిన పెద్ద పార్మెజాన్ చీజు ముక్క.

"ఇదెందుకే?" అన్నాను.

"రోము దాటాక చీజు ఎలా ఉంటుందో ఏం నమ్మకం వదినా?" అంది.

తర్వాత జరిగిందంతా ఇద్దరూ విడివిడిగా మెట్లు దిగి వచ్చి నాకు చెప్పారు. ఇద్దరి మాటలూ కలిపి నేను చెబుతున్నాను. తేడా వచ్చినచోట మా మరదలి మాటే తీసుకున్నాను, ఎందుకంటే అదే బాగుంది.

మొదటిరోజు మా వాడు స్టేషను ఎదురుగా రోడ్డు దాటడానికి నిలబడ్డాడు. పచ్చదీపం వెలిగినా బళ్ళు ఆగవు, ఎర్రదీపం వెలిగినా జనం ఆగరు. ఏ దీపాన్ని నమ్మాలో తెలియక అక్కడే పాతుకుపోయాడు. చివరికి ఒక ముసలావిడ, "ఏంది నాయనా, ఇక్కడే కాపురం పెడతావా?" అని వాడి చెయ్యి పట్టుకుని, స్కూటర్ల మధ్య నుంచి లాక్కెళ్ళి అవతల దింపింది. అవతలికి చేరాక ఆమెకి క్షమాపణ చెప్పాడట, ఆమె చేత చట్టం తప్పించినందుకు.

రెండోరోజు పొద్దున, పొరలు పొరలుగా వేడిగా ఉన్న స్ఫోల్యాతెల్లా మిఠాయిలు ఒక్కొక్కరు రెండేసి తిని నాలుక కాల్చుకున్నారు. రంగు పెంకులు అతికించిన స్తంభాల మఠం చూశారు. చేపలబజారులో బతికున్న ఈల్ చేప తొట్టిలోంచి దూకి ఓర్నెల్లా చెప్పు మీద పడితే, ఆమె వేసిన కేకకి బజారంతా చప్పట్లు కొట్టిందట. వేయించిన పిజ్జా తిన్నారు. అది తిన్న గంటకే, ఊరి కింద తవ్విన పాత నీటి సొరంగాలు చూడడానికి దిగారు. అక్కడ ఒకచోట మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు ఉంటుంది. ఆ సందు మొదట్లో 'గోడలు తాకరాదు' అని బోర్డు. మా వాడు బోర్డు చదివాడు, సందు చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు, ఆగిపోయాడు. వెనక జర్మన్లు ఒక బస్సెడు మంది కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు.

"పదవయ్యా!" అంది ఓర్నెల్లా ముందు నుంచి.

"తాకరాదు అన్నారు."

"తాకకుండా పోలేవు."

"అందుకే పోవట్లేదు."

గైడు వచ్చి ఆ బోర్డు ఆ గోడకి కాదు, పక్క గోడకి అని ప్రమాణం చేస్తే తప్ప కదల్లేదు. ఇంతదాకా ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు. ఆ రాత్రి నాకు ఫోను చేసి ఈ ఒక్క సంగతీ చెబుతూ ఓర్నెల్లా నవ్వలేక నవ్వలేక చచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం మాత్రం ఆ నవ్వు పోయింది.

ఆ మధ్యాహ్నం ఇరుకు వీధుల్లో నున్జియా అనే ఆవిడ హోటలుకి వెళ్ళారు. ఆరు బల్లలు, ఒక పొయ్యి, నున్జియా గొంతు, అంతే ఆ హోటలు. నేపుల్స్‌వాళ్ళూ రగూ అనే అంటారు గానీ అది మా రగూ కాదు. మాంసం ముక్కల్ని టమాటాలో ముందురోజు నుంచి సన్న సెగ మీద పెట్టి, చేత్తో విరిచిన పొడుగు పాస్తాకి కలుపుతారు. దానికి రగూ అనే పేరు ఎవరిచ్చారని మా ఊళ్ళో ఎవర్నడిగినా ఒంటికాలి మీద లేస్తారు. ఓర్నెల్లా మర్యాదగా తిన్నది. తింటూ సంచిలోంచి చీజు ముక్క తీసి ఒళ్ళో పెట్టుకుని తురుముతుంటే నున్జియా చూడనే చూసింది.

"అమ్మా, ఆ బిడ్డను ఎక్కడినుంచి మోసుకొచ్చినావు?" అంది.

"మోదెనా నుంచి."

"అట్టనా. నిద్రపోతుంది పాపం, లోపల పెట్టెయ్."

జనం నవ్వారు. ఓర్నెల్లా కూడా ఎలాగో నవ్వింది. మా వాడు అప్పటికి పాస్తా ముగించి, పళ్ళెంలో మిగిలిన ఎర్రటి రగూ వైపు చూస్తూ కూచున్నాడు. అలా మిగిలినదాన్ని రొట్టెముక్కతో ఊడ్చుకు తినడం ఇళ్ళల్లో మేమందరం చేసే పనే. పెద్దమనుషుల ముందు మాత్రం బాగుండదని మానేస్తాం. మా వాడు ఎక్కడా చెయ్యడు.

నున్జియా వాడి నెత్తిన నిలబడి, "ఏందయ్యా అట్టా చూస్తుండావు? ఆ రొట్టె నీ ముందర పెట్టింది అందానికా? ఊడ్చు!" అని గదిమింది.

ఎవరైనా ఆజ్ఞ ఇస్తే మా వాడు కాదనగలడా? రొట్టె తుంచాడు, ఊడ్చాడు, తిన్నాడు. ఇంకో ముక్క తుంచాడు. అంచులు ఊడ్చాడు. పక్క బల్ల మీది రొట్టె బుట్ట కూడా లాక్కున్నాడు. పళ్ళెం అద్దంలా అయ్యాక నున్జియా దాన్ని పైకెత్తి హోటలంతా చూపించింది. "చూడండ్రా, ఇంక కడిగే పన్లా!" అందరూ చప్పట్లు కొట్టారు. మా వాడు పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

ఓర్నెల్లా ఫోర్కు కింద పెట్టేసింది. హోటలు బయటికొచ్చాక పది అడుగులు ముందు నడిచింది. ఐస్‌క్రీము తిందామన్నాడు, పలకలేదు. కాఫీ అన్నాడు, పలకలేదు. నేపుల్స్‌లో కాఫీ వద్దనే మనిషిని చూసి కొట్టువాడే భయపడ్డాడట. కొండ మీది కోట చూడాలని ముందే అనుకున్నారు కాబట్టి, తాడుతో పైకి లాగే రైలుపెట్టె ఎక్కారు. జనం కిక్కిరిసి ఉన్నారు. అది కదలగానే ఓర్నెల్లా నోరు తెరిచింది.

"ఇంటికెళ్ళాక ఇక నేను రగూ వండను. ఆదివారం నీకు ఉడకబెట్టిన బియ్యమే."

"నేనేం చేశానే?"

"ఏం చేశావా? ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం పళ్ళెంలో రెండు చెంచాల రగూ వదిలేస్తావ్. నచ్చలేదనుకున్నాను. కసాయిని మార్చాను. వైను మార్చాను. పాలు పోశాను, పాలు మానేశాను. ఆఖరికి మీ అమ్మ దగ్గరికెళ్ళి, ఎలా చెయ్యమంటారో చెప్పండి అత్తయ్యా అని అడిగాను. మీ అమ్మని అడిగాను, ఎర్మెస్! ఈ ఊళ్ళో ముక్కూ మొహం తెలియని ఆవిడ పెడితే మాత్రం పక్కబల్ల రొట్టె కూడా లాక్కుని ఊడ్చావు."

పక్కన చేపల సంచితో నిలబడ్డ పెద్దాయన తల కొట్టుకున్నాడు. "అత్తను అడిగిందంట! ఈ బిడ్డ కష్టం పగోళ్ళకి కూడా వద్దు సామీ."

మా వాడు తెల్లబోయి, "నచ్చక కాదే. మీ నాన్నగారు వద్దన్నారు కదా," అన్నాడు.

"ఏం వద్దన్నారు?"

పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, నడవాలో కోటు తగిలిస్తుంటే ఆయన భుజం మీద చెయ్యేసి, "అబ్బాయ్, మా ఇంట్లో ఎవరూ పళ్ళేన్ని రొట్టెతో ఊడ్వరు. మా అమ్మాయి ముందు అస్సలు వద్దు," అన్నాడట. ఆయన మునిసిపాలిటీలో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ పేర్లు రాసే పెద్ద గుమాస్తా. మెలితిప్పిన మీసం. మా వాడు బుద్ధిగా తలూపాడు, అంతే.

"మా నాన్న పోయి ఎన్నేళ్ళయిందయ్యా!" అని అరిచింది ఓర్నెల్లా.

"పోయారు గానీ, వద్దన్నది వెనక్కి తీసుకోలేదుగా."

పెట్టెలో అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఓర్నెల్లాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మా నాన్నా? భోజనాలయ్యాక వంటింటి తలుపు మూసుకుని, నిలబడి గిన్నెకి గిన్నె ఊడ్చేవాడు! మీసాలకంటుకుంటే అమ్మ తుడిచేది!"

మా వాడి మొహం చూడాల్సిందట. ముప్ఫై ఏళ్ళు కాపలా కాసిన ఇంట్లో ఎవరూ లేరని తెలిసినవాడిలా అయిపోయాడు. కూరగాయల సంచులతో ఉన్న ఒకావిడ ముందుకొచ్చి, "అదంతా పోనీలే నాయనా. ఇప్పుడు చెప్పు, ఎవురిది బాగుండాది? నీ పెండ్లాందా, ఆ నున్జియాదా?" అంది.

ఓర్నెల్లా కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించింది. మా వాడు నిజంగానే ఆలోచించాడు.

"చెప్పలేనండీ. ఈవిడది నేను అడుగుదాకా తినలేదు కదా."

"ఓరి మొద్దబ్బాయ్! అబద్ధం చెప్పు!" అని చేపలాయన మొత్తుకున్నాడు. పై స్టేషను వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఒక్కరూ దిగలేదు.

"ఆదివారం చెబుదువుగానీ," అంది ఓర్నెల్లా.

ఆదివారం నన్ను సాక్ష్యానికి పిలిచింది. ఫాదరు గారు పిలవకుండానే వచ్చారు. ఓర్నెల్లా వంటింట్లోంచి నలుగురికీ పళ్ళేలు నింపి తెచ్చి పెట్టి, తను తినకుండా వాడి ఎదురుగా కూచుంది. నాకు వాడి మీద ఒళ్ళు మండిపోయింది. ఈ మొద్దు ఇప్పుడు నిజం చెబుతాడు, అది ఏ నిజమైనా చెబుతాడు, ఈ పిల్ల గుండె పగిలితే నేనే మెట్ల మీంచి తోసేస్తాను అనుకున్నాను.

వాడు పాస్తా తిన్నాడు. రొట్టె తుంచాడు. గోడ మీది మామగారి ఫోటో వైపు ఒకసారి చూసి, ఊడ్చి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఓర్నెల్లా, అసలు రుచంతా అడుగునే ఉందే," అన్నాడు. "ఇన్నేళ్ళూ దీన్నా నేను వదిలేసింది?"

"మరి నున్జియాది?" అంది ఆమె.

"దీని తర్వాత."

ఓర్నెల్లా ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుంది. వాడికి అబద్ధం చేతకాదని ముప్ఫై ఏళ్ళుగా ఏడ్చిన మనిషి, మొదటిసారి అందుకే సంతోషంతో ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఒప్పుకుంటున్నాను. ఫాదరు గారు ముక్కు చీదుకుని ఇంకొంచెం వడ్డించుకున్నారు.

మా వాడు మాత్రం ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు. పళ్ళెం మధ్యలో ఒకచోట రొట్టెతో గట్టిగా రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

"అంతా వచ్చింది గానీ, ఈ ఎర్రది మాత్రం ఎంత ఊడ్చినా రావట్లేదే."

ఓర్నెల్లా ఏప్రను దించి చూసింది. "అది కోడిపుంజు జుట్టయ్యా."

"ఏ కోడిపుంజు?"

"పళ్ళెం మీది బొమ్మ. మన పెళ్ళికి మీ అక్క ఇచ్చిన పళ్ళేలు."

"వీటిలో కోడిపుంజుందా!" అని వాడు పళ్ళెం ఎత్తి, వెలుతురులో పెట్టి, సంబరంగా నాకు చూపించాడు. "అక్కా, చూశావా, తోక కూడా ఉంది!"

నేను ఓర్నెల్లా వైపు చూశాను. ఓర్నెల్లా నా వైపు చూసింది. ఫాదరు గారు తల వంచుకుని తన పళ్ళెంలోకి చూసుకున్నారు.

"ఎర్మెస్," అంది ఓర్నెల్లా, చాలా నెమ్మదిగా. "ఊడ్వని పళ్ళెంలో కోడిపుంజు కనబడదు, నిజమే. కడిగేవాళ్ళకి కనబడుతుంది."

వాడు కోడిపుంజుని ఇంకోసారి చూశాడు. తర్వాత పళ్ళెం పట్టుకుని లేచి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు.

"సబ్బు ఎక్కడుంటుంది?" అని అడిగాడు.