మూడో ప్రకటనకు ముందు

మొన్న ఆదివారం గుడిలో నా పక్కన కూర్చున్న, ఒకరింటి కొత్త కోడలు ఒక పాత బైబిలు తెరవగానే ఎండిన వేపాకు వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టే అలవాటు ఇప్పుడెవరికుంది? "మా అమ్మమ్మదండీ" అందా పిల్ల. ఆ తరవాత ప్రసంగం నాకు సగమే వినబడింది. మనసు పంతొమ్మిది వందల అరవైల చివరి బొబ్బిలికి, సువార్తమ్మ మామ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

మామ్మ నాకు చుట్టం కాదు. మా సంఘంలో బైబిలు స్త్రీ. ఇంటింటికీ నడిచి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ నేర్పడం ఆమె పని. తెల్లచీర, బోసి చేతులు, చంకలో వేపాకు వాసన వేసే బైబిలు సంచీ. ఎవరైనా పువ్వు పెట్టుకుని వస్తే గుమ్మంలోనే తీయించేది. సినిమా మాటెత్తితే ఆ రోజుకు పాఠం లేదు. విశ్వాసం లేని ఇంటి సంబంధం కూడదు, ప్రార్థన చేయకుండా గంజి కూడా తాగకూడదు, గుడిలో ఆడది ముసుగు తీయకూడదు, నోరెత్తకూడదు. వాక్యంలో ఉందంటే ఉంది, అంతే! మేం వెనకాల మూతులు తిప్పేవాళ్లం గాని, ఆమె వస్తోందంటే పరుగెత్తి చాప వేసేదీ మేమే. ఆమె నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. ఆ నవ్వంటే మాకు ప్రాణం.

ఒకసారి మా వీధిలో ఒకాయన, భార్య తనకు లోబడటం లేదని, బుద్ధి చెప్పమని మామ్మ దగ్గరికి వచ్చాడు. "లోబడమనే ఉన్నాది. నాను కాదంతానేటి?" అంటూ బైబిలు తెరిచి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, భార్యల గురించి ఉన్నంతవరకూ గట్టిగా చదివి ఆపాడు.

"ఆగిపోనావేటి బాబూ? కిందకి సదువు. మగోడి వంతు ఇంకా పొడుగున్నాది."

భర్త భార్యను, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించాలన్న చోటికి వచ్చేసరికి ఆయన గొంతు పీలగా అయిపోయింది. "ముందు నువ్వది సెయ్యి నాయినా. దాని సంగతి నాను సూసుకుంతాను" అని పంపేసింది. తలుపు చాటున ఉన్న మాకు నవ్వాపుకోవడం చచ్చేంత పనయింది.

ఇక నా సంగతి. పంతొమ్మిదో ఏట నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చిన నాలుగు నెలలకే నాన్న శృంగవరపుకోట సంబంధం ఖాయం చేసేశారు. కుర్రాడు కాంపౌండరు, భక్తిపరుడు. పెద్దలు మాట్లాడుకున్నారు, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆ సమయానికి నేను బడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నాను. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఎవరూ చెప్పరు. మొదటి ప్రకటన అయిపోయింది. మనిషి ఎలాంటివాడో తెలియదు. ఉద్యోగం ఉంచుతారో మాన్పిస్తారో తెలియదు. మామ్మ దగ్గరికి వెళ్లి ఏడ్చాను.

"నిన్నడిగినారేటే?"

"ఎవులూ అడగనేదు మామ్మా."

"తండ్రి మాట వినాల. అదీ వాక్యమే" అంది ఆమె. కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చేశాను. ఆ వారంలో ఆమె రెండుసార్లు నాన్న దగ్గరికి వెళ్లిందని నాకు తరవాత తెలిసింది. ప్రార్థన చేసి తేల్చుకున్నాక మళ్లీ పిల్లను అడగడమేమిటని నాన్న పంపేశారట.

రెండో ఆదివారం అయ్యగారు మా పేర్లు చదివి, ఆనవాయితీ ప్రకారం ఒక్క క్షణం ఆగారు. మామ్మ లేచింది. ముసుగు సర్దుకుని, నోరు విప్పకుండా, చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి, తెరిచిన బైబిలు అయ్యగారి ముందు పెట్టింది. ఒకచోట వేలు ఉంచి చూపించి, తిరిగి వచ్చి కూర్చుంది. వాక్యం ముందు పెడితే పాస్టరు చదవక ఏం చేస్తారు? ఇస్సాకు తరఫున వచ్చిన మనిషితో సంబంధం ఒప్పుకున్న తరవాత కూడా రిబ్కా ఇంటివాళ్లు ఆమెను పిలిచి, ఇతనితో వెళతావా అని అడిగిన చోటది. అయ్యగారు చదవడం ముగించి, కళ్లజోడు తీసి, నాన్న వైపు చూశారు.

"అమ్మాయిని అడిగారా?"

లేదన్నట్టు నాన్న తల అడ్డంగా ఊపారు.

గుడి బయట మాత్రం నాన్న మామ్మ మీద విరుచుకుపడ్డారు. "సబలో ఆడది మాటాడకూడదని నువ్వే కదా సెప్తావు పిన్నీ!"

"నాను మాటాడినానేటి? ఒక్క ముక్కన్నానా? సదవమని ఇచ్చినాను. ఇవ్వకూడదని ఎక్కడున్నాదో సూపించు."

ముందు అయ్యగారు నవ్వారు. ఆయన్ని చూసి, కోపం నిలుపుకోలేక నాన్నా నవ్వేశారు. అప్పుడు నన్ను అడిగారు. "మనిసిని సూడకుండా ఏటి సెప్పను నాన్నా?" అన్నాను.

ఆ శనివారం పెళ్లికొడుకు ఒక పనసకాయ మోసుకుని బస్సు దిగాడు. మామ్మ ఇంటి అరుగు మీద చెరో చివర మేము, మధ్యలో ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుని మామ్మ.

"నన్ను ఉద్యోగం మానమంతారా?"

"మాన్పిస్తే కోపం వస్తాదా?"

"వస్తాది."

"అయితే నాకెందుకండీ ఆ గొడవ? మానకండి."

మామ్మ ప్రార్థన కిసుక్కున నవ్వింది. ఎంత సంతోషమనిపించిందో! అక్కడే, ఆయన మొహం మీదే, సరేనన్నాను. మర్నాడు మూడో ప్రకటన చదివారు.

పెళ్లినాటి ఉదయం మామ్మ నాకు జడ వేస్తుంటే అడిగాను, "నీ పెళ్లికి నిన్నడిగినారా మామ్మా?"

"నన్నెవులడుగుతారే? పన్నెండేళ్లదాన్ని."

"అడిగుంటే ఏటనేదానివి?"

దువ్వెన ఆగింది. ఆమె భర్త పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. "అవుననేదాన్నే. బంగారంలాటి మనిసి." అద్దంలో ఆమె మొహం సిగ్గుతో విచ్చుకుంది. "అయినా ఒక్కపాలి నా నోటితో అననివ్వాల కదే."

ఇప్పుడు మా సంఘంలో ప్రకటనకు ముందు ఆడపిల్లలతో మాట్లాడే పని నాది. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి, నీకు ఇష్టమేనా అని అడుగుతాను. చాలామంది వెంటనే తలూపుతారు. తలూపితే నేను ఒప్పుకోను. నోటితో చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.