జాతర మట్టి, మా అన్న ఆడవేషం

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి... మన్నించండి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నోటితో చెప్పలేక కాగితం మీద రాశాను. మా మనవరాలు లాస్య ఫోటో తీసి, తనూ ఉన్న మీ అభిమానుల గ్రూపులో పెడతానంది.

మా చిన్నప్పుడు... వడమాలపేట దగ్గర మా ఊళ్ళో గంగమ్మ జాతర వస్తే, గుడి ముందు అమ్మవారి బొమ్మ కట్టేది మా నాయనే. ఇంటికప్పు కన్నా ఎత్తు. లోపల ఎముకల్లాగా వెదురు బద్దలు, కండలాగా వరిగడ్డి, పైన చెరువుమట్టి... రాళ్ళు లేకుండా జల్లించి, వెన్నలాగా తొక్కి పూసేవాడు.

పిల్లలం చుట్టూ చేరి వంకలు పెట్టేవాళ్ళం.

"పుత్తూరోళ్ళ అమ్మకు చేతులు ఇంకా పెద్దవంట నాయనా. మనం యాల సేయకూడదు?" అన్నాను ఒకసారి.

"పెద్దవి సేస్తే బరువుకు భుజం దిగిపోతాదిరా. నువ్వు పట్టుకోని నిలబడతావా ఆడ?"

అందరూ నవ్వారు...

మొన్న ఆదివారం మా పంచలో లాస్య, దాని స్నేహితుడు వినయ్ సరిగ్గా ఇదే మాట మీద పోట్లాడుకున్నారు. ఫోనులో జపాను బొమ్మల కథ. అందులో కొండంత ఇనుపమనిషి.

"అంత ఫిరంగి భుజం మీద పెడితే మోకాలు యాడ ఆగుతాదిరా?" అంది లాస్య.

"నీకు డిజైన్ గురించి తెల్సునా? ఊరికే ఉండు పో" అన్నాడు వాడు.

వింటుంటే నాకు ఎంత సంతోషమో... మా నాయన సంగతి చెప్పాలనుకున్నాను. మాటలు కూడబలుక్కునేసరికే ఆలస్యమైపోతుంది. నాకు అదొక జబ్బు.

అంతలో మాట ఆ కథలో పాటలు పాడే పిల్ల మీదికి మళ్ళింది. ఆ పిల్ల పాడితేనే ఇనుపమనిషి కదులుతాడట. ఆ పిల్లకు గొంతిచ్చిన అమ్మాయి నిజంగానే జపానులో వేదికలెక్కి పాడుతుందట. లాస్య తాళంచెవి గుత్తికి కూడా ఆమె బొమ్మే. ఆమె ఇప్పుడు పెళ్ళి చేసుకుందట... అదీ నేరం.

"మనల్ని మోసం సేసింది. పైకి తెచ్చింది మనమే గదా!" అంది లాస్య.

"వచ్చే ఆదివారం అందరమూ ఒకేసారి ఆయమ్మ పేజీ మీద పడదాము. తిట్టే తిట్లకు ఏడ్సాల" అన్నాడు వినయ్.

చేతిలో కాఫీ గ్లాసు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మా అన్న పేరు చెంగల్రాయుడు... జాతరలో ఆడవేషం కట్టేవాడు. పసుపు చీర, సవరం పెట్టిన జడ, చేతినిండా గాజులు. ఇంటింటికీ పాడుకుంటూ పోతే ఆడవాళ్ళు పసుపునీళ్ళతో కాళ్ళు కడిగేవాళ్ళు. ఆడపిల్లలు తమ గాజులు తీసి తొడిగేవాళ్ళు. అన్న నీళ్ళచెంబు మోయడానికి కుర్రాళ్ళు కొట్టుకునేవాళ్ళు. పూతలపట్టు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు, ఆ పాట కోసం. ఆయన్ని పేరుపెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. చిన్నగంగమ్మ అనేవాళ్ళు... అంత ముద్దు.

జాతర చివర అన్నే నిచ్చెనెక్కి అమ్మవారి చెంప మట్టి గిల్లి జనంలోకి విసరాలి. ఆ మట్టి దొరికితే ఏడాదంతా బియ్యం కుండలో ఉంచుకుంటారు. పిల్లలకు జ్వరమొస్తే నుదుట రాస్తారు. దానికోసం ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు.

ఒక ఏడాది అన్నకు మేనమామ కూతురితో పెళ్ళయింది. పెళ్ళయినవాడు వేషం కట్టకూడదని మా ఊళ్ళో ఏ కట్టడీ లేదు. అన్నకు ముందు కట్టినాయనకు నలుగురు పిల్లలు. అయినా...

ఆ జాతరలో అన్న నిచ్చెనెక్కి పాట ఎత్తుకున్నాడో లేదో, కింద మొదలుపెట్టారు.

"పెండ్లామేదప్పా? ఆయమ్మకూ గజ్జెలు కట్టు!"

"మన చిన్నగంగమ్మను ఎత్తుకోని పాయె గదరా ఆ పిల్ల!"

ఆడవాళ్ళ మధ్య కొత్త తాళితో నిలబడి ఉంది మా వదిన. జనమంతా తిరిగి ఆమెను చూశారు. అన్న పాట ఆపలేదు. చెంప మట్టి గిల్లి విసిరాడు.

పట్టుకున్నవాళ్ళు దాన్ని తిరిగి అన్న మీదికే విసిరారు.

మొదట విసిరింది నిన్నటిదాకా చెంబు మోసినవాడు. ఆ తర్వాత ఎవరెవరో... వదిన మీద ఒక ముద్ద పడేసరికి అన్న పాట ఆగిపోయింది. మట్టిలో రాళ్ళు లేవు కాబట్టి ఎవరి తలా పగల్లేదు. మా నాయన జల్లించిన పుణ్యం అది.

అన్న దిగి, సవరం ఊడదీసి అమ్మవారి కాళ్ళ దగ్గర పెట్టాడు. వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు.

మరుసటి ఏడు కూడా ఊరోళ్ళు అడిగితే నాయన బొమ్మ కట్టాడు. "యాల కడతావు నాయనా వాళ్ళకి?" అని ఏడ్చాను. "అమ్మేం సేసిందిరా?" అన్నాడు. అంతే.

అన్న మళ్ళీ పాడలేదు. మడి దున్నుతూ కూడా కూనిరాగం తీయలేదు. చచ్చేదాకా ఊరు మాత్రం ఆయన్ని చిన్నగంగమ్మ అనే పిలిచింది... పేరు అదే. పిలిచే గొంతులే మారాయి.

ఇప్పుడు మా జాతరకు ఇనుప చట్రం, రంగులేసిన బొమ్మ లారీలో వస్తుంది. పాటలు పెట్టెలో వస్తాయి. విసరడానికి మట్టి లేదు. మీకు ఫోనుంది... అప్పుడు విసిరినవాళ్ళ చేతులకు కాస్త మట్టైనా అంటుకునేది. కడుక్కోవాల్సి వచ్చేది.

ఈ కాగితం లాస్య చేతికే ఇస్తున్నాను. ముందు చదివేది అదే. ఆదివారం ఇంకా రాలేదు... ఆ రోజు ఏం చేయాలనుకున్నారో తొందరగా ఒక మాట రాయండి. కనిపెట్టుకుని ఉంటాను.