చిక్కుడు కొత్తకు ముందు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏటి మాట. హుకుంపేటలో మాది కిరాణా కొట్టు. మాకు అడ్డాకులు తెచ్చే కొండావిడ కొడుక్కి విశాఖపట్నం కాలేజీలో సీటొచ్చింది. తండ్రి లేని పిల్లాడు. తల్లి పాడేరు దాటి ఎరగదు. దాంతో ప్రయాణం పనంతా నేనే నెత్తికెత్తుకున్నాను. నేను కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు గానీ, పట్నంలో పుట్టినదాన్ని, నాకు తెలియనిదేముందని నా ధీమా.

చొక్కాలు కుట్టించాను. మా ఆయన రేకు పెట్టె ఖాళీ చేయించాను. హాస్టల్లో వడ్డన ఆగేలోపు ఎలా తినాలో కూడా పిల్లాడికి నేర్పాను. రేపు ప్రయాణమనగా తల్లి అడిగింది.

"ఆడ తిండేటమ్మా?"

"తిండికేటి లోటు? అన్నం, పప్పు, వంకాయ. దీపావళి దాటితే రోజూ చిక్కుడుకాయ కూరే" అన్నాను గొప్పగా.

ఆవిడ మొహం మారిపోయింది. పెట్టె మూత మీద చెయ్యేసి, "అయితే గుంటడు ఎల్లడు" అంది.

కొండల్లో ఏ పంటైనా ముందు ఊరి దేవతకు పెట్టాలి. తర్వాత ఊరంతా కలిసి తినాలి. దాన్నే కొత్త అంటారు. చిక్కుడు కొత్త పుష్యమాసంలో గానీ రాదు. ఆలోగా ఆ ఊరి మనిషి ఎక్కడ తిన్నా కీడు ఊరంతటికీ తగులుతుందట.

"ఏ పిల్లకి జొరమొచ్చినా నీ కొడుకు సేసిందే అంతారు. ఆడు మరి ఊర్లోకి రాగలడేటి?"

నాకు ఒళ్లు మండింది. ముష్టి కూర కోసం చదువు మానిపిస్తావా అని అరిచాను. ఆవిడ మూత మీంచి చెయ్యి తియ్యలేదు. ఆవిడకు చదువంటే భయం లేదు. కొడుక్కి తిరిగొచ్చే ఊరు లేకుండా పోతుందనే భయం. అది తెలిశాక నా గొంతు దానంతటదే తగ్గింది.

అప్పుడు పిల్లాడు నోరు విప్పాడు. "కొత్త అయ్యేదాకా నాను ముట్టనమ్మా."

"మరేటేసుకుని తింతావు?"

దానికి జవాబు నా వంటింట్లో ఉంది. లేచి వెళ్లి ఊరగాయ జాడీ తెచ్చాను. "ఇది మావిడి. మావిడి కొత్త సైత్రంలోనే అయిపోనాది కదా?" అన్నాను. ఆవిడ జాడీకేసి చూసి, కొడుకుకేసి చూసి, చెయ్యి తీసింది. జాడీని చొక్కాల మధ్య కదలకుండా కూరాను. మర్నాడు పిల్లాడు బస్సెక్కాడు.

పుష్యమాసంలో ఓ పొద్దున ఆవిడ చిక్కుళ్ల మూటతో మా కొట్టుకొచ్చింది. ముందురోజే వాళ్ల ఊళ్లో కొత్త అయిందట. కొడుక్కి కబురు పంపమంటుందనుకున్నాను.

"కబురేటి, నానే ఎల్తన్నాను. బేగి బస్సు సూపించమ్మా" అంది.

ఆవిడ పట్నం వెళ్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు భలే సంతోషమేసింది. దారిలో నడుస్తూ, ఈ ఏడు చిక్కుళ్లు రుచిగా ఉన్నాయా అని అడిగాను.

"ఊరంతా తిన్నాది. నాను తిన్నేదమ్మా. ఆడు తినకుండా నాకు ముద్ద దిగుతాదేటి?"