అక్క బొమ్మకు నేను కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు నాకంటూ ఒక పేరు లేదు. ఉన్న పేరు మా అక్కది. నేను పుట్టకముందే జ్వరంతో పోయిన అక్కే మళ్ళీ నాలా పుట్టిందని మా కొండమీద అందరూ నమ్మారు. మాలో అది ఆచారం. అందుకే ఆ పేరే పెట్టారు, అక్క పూసలే నా మెడలో వేశారు. అమ్మ దగ్గరకు తీసుకున్నప్పుడల్లా, ఆ ముద్దు నాకా, అక్కకా అని లోలోపల ఏడుపొచ్చేది.

ఒక వానాకాలం పార్వతీపురం నుంచి ఒక కుర్ర చిత్రకారుడు అరకు సంతకు వచ్చాడు. దుకాణాల బోర్డులు రాస్తూ మా అరుగు మీద తలదాచుకున్నాడు. ఇవాళ ఆయన పేరు తెలియనివారు లేరుగానీ, అప్పుడు అమ్మ పోసిన చోడి అంబలే ఆయనకు దిక్కు. ఆ విశ్వాసంతో బొమ్మ వేసిపెడతానంటే అమ్మ పోయిన కూతురి బొమ్మ అడిగింది. ఫొటో ఎక్కడిది?

"దీన్ని సూసి ఎయ్యి బాబూ. అదే ఇది," అంటూ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ఆ బొమ్మ పూర్తయితే ఇక నేను మిగలననిపించింది.

ఆయన నా భయం కనిపెట్టాడేమో. ముఖం గీసి కుంచె పక్కన పెట్టాడు. "ఇది ఈ గుంట మొకం. పోయిన గుంటది అచ్చం ఇలాగే ఉండీదేటమ్మా? బాగా సూసి సెప్పు."

అమ్మ అవునంది. ఆయన వదల్లేదు. నుదురో? కనుబొమ్మలో? ఓపిగ్గా అడుగుతూనే ఉన్నాడు. చివరికి అమ్మ నా గడ్డం పట్టుకుని, కొత్తపిల్లను చూసినట్టు చూసింది.

"కాదు బాబూ. దాని నుదురు సిన్నది. కనుబొమ్మ మీద గాటుండీది. నవ్వితే కళ్ళు మూసుకుపోయీవి. ఇది అలా నవ్వదు," అంటూ కూలబడి ఏడ్చింది. అక్క పోయినప్పుడు కూడా అమ్మ ఏడవలేదట, తిరిగొస్తుందని.

ఆయన దిద్దాడు. పొద్దు వాలేసరికి గోడమీది పటంలో నేనెరగని పిల్ల కళ్ళు మూసుకుని నవ్వుతోంది. అమ్మ నా మెడలోని పూసలు తీసి ఆ పటానికి వేసింది. మనిషిని చూడటమంటే ఏమిటో ఆరోజే తెలిసింది. సంతోషించాల్సినదాన్నే. కానీ మెడ బోసిగా అనిపించింది. పుట్టినప్పటినుంచీ నాతో ఉన్నవాళ్ళెవరో లేచి వెళ్ళిపోయినట్టు భయం వేసింది.

ఏళ్ళు గడిచాక, మంచాన పడిన అమ్మ ఒకరోజు ఆ పేరు పెట్టి పిలిచింది. పరుగున వెళ్ళాను. అమ్మ గోడవైపు చూస్తోంది.

ఆయన తొలినాటి బొమ్మని పట్నంవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నేనివ్వను. ఇప్పటికీ ఎవరైనా నన్ను పేరుపెట్టి పిలిస్తే వెంటనే పలకను. ముందు అక్కను పలకనిస్తాను.